రెండు రోజుల ప్రయాణానికి వీపున ఒక్క సంచి



శుక్రవారం రాత్రి బెంగళూరులో బయలుదేరిన యువతీయువకులు శనివారం ఉదయాన జమ్మలమడుగు బస్టాండులో దిగడం మీలో చాలామంది చూసే ఉంటారు. గండికోట చూడడానికి వచ్చేవాళ్లు. అక్కడి నుంచి కోట ఇంకా 15 కిలోమీటర్లు. వాళ్లలో ఒక్కొక్కరి వీపున ఒక్క బ్యాగు ఉంటుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. అదే బస్టాండులో తిరుపతికో, కర్నూలుకో, వేలూరుకో వైద్యం కోసం బయలుదేరే మన కుటుంబాలను చూడండి. ఒక చేతిలో చక్రాల సూట్‌కేసు, ఇంకో చేతిలో తువ్వాళ్లూ దుప్పట్లూ కుక్కిన జిప్పు సంచి, చంకలో ఎక్స్‌రే కవరు, వేలికి తగిలించిన నీళ్ల సీసా. ఇక రోగిని పట్టుకుని బస్సు మెట్లెక్కించడానికి చేయి ఎక్కడిది?

వాళ్లు విహారానికి వచ్చినవాళ్లు, మనవాళ్లు అవసరానికి పోయేవాళ్లు. అయినా ఆ సంచిని మనం వాళ్లను చూసి నేర్చుకోవచ్చని మా అభిప్రాయం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల గ్రామాల నుంచి మా వద్దకు వచ్చే రోగులు నెలకోసారైనా ఏదో ఒక ప్రయాణం చేస్తూనే ఉంటారు. పెద్దాసుపత్రిలో మరుపరీక్షలు, పెళ్లిళ్లు, కన్వెన్షన్ కూటాలు, హైదరాబాదులో చదివే పిల్లలను చూసిరావడం, ఇలా శనివారం పోయి ఆదివారం రాత్రికో సోమవారం తెల్లవారేసరికో తిరిగివచ్చే ప్రయాణాలే ఎక్కువ. సోమవారం మా ఓపీలో మెడనొప్పి, నడుమునొప్పి, రక్తపోటు పెరగడం, షుగరు పెరగడం కొంచెం ఎక్కువగానే కనిపిస్తాయి. వాళ్లను అడిగితే సగం మంది చెప్పే మాట ఒకటే: "ఊరికి పోయొచ్చినాము సిస్టరమ్మా, మాత్రలు సంచిలో ఉండిపాయ."

ఆ సంచి ఎక్కడ ఉండినట్టు? బస్సు డిక్కీలో!

మందులు మనిషితోనే ఉండాలి

రాత్రి బస్సుల్లో పెద్ద సామాను కింద డిక్కీలో వేస్తారు. హైదరాబాదు దాకా పోయే బస్సు ఎక్కితే దిగేదాకా ఆ సంచి మీ చేతికి రాదు. రాత్రి భోజనం తరువాత వేసుకోవలసిన మాత్ర, పడుకునే ముందు తీసుకోవలసిన ఇన్సులిన్, ఆయాసం వస్తే పీల్చవలసిన ఇన్‌హేలరు అన్నీ అందులోనే. పులివెందుల వైపు నుంచి వచ్చే ఒక తల్లి మాకు చెప్పిన సంగతి ఇది. మూర్ఛవ్యాధి ఉన్న కొడుకును పెళ్లికి తీసుకుని పోయింది. దారిలో ఎవరో ప్రయాణికుడు తమ సంచి అనుకుని వీళ్ల సంచి దింపుకుని పోయినాడు. చీరలు పోయినందుకు ఆమె బాధపడలేదు. రెండు రోజులు మాత్రలు లేక పిల్లవాడికి పెళ్లిపందిట్లోనే ఫిట్స్ వచ్చినందుకు ఏడ్చింది. చీటీ లేదు, మాత్ర పేరు నోటికి రాదు, ఆ ఊళ్లో మందుల షాపువాళ్లు మాత్రం ఏమి ఇవ్వగలరు?

మూర్ఛ అదుపులో ఉన్నవారికి మళ్లీ ఫిట్స్ రావడానికి ముఖ్యమైన కారణాల్లో మాత్రలు తప్పడం ఒకటి. టీబీ మందులు, గుండె మందులు, రక్తం పలుచబడడానికి ఇచ్చే మందులు, ఎక్కువ కాలంగా వాడుతున్న స్టెరాయిడ్ మాత్రలు కూడా "రెండు రోజులే కదా" అని వదిలేసేవి కావు. కనుక మేము చెప్పేది ఒక్కటే. రెండు రోజుల ప్రయాణానికి మీ ఒడిలో పట్టేటంత సంచి ఒక్కటి చాలు. మందులు అందులో ఉండాలి, ఆ సంచి మీ వద్దే ఉండాలి.

రెండు రోజుల ప్రయాణమైతే మందులు నాలుగైదు రోజులకు పెట్టుకోండి. బస్సు తప్పవచ్చు, డాక్టరుగారు సోమవారం రమ్మనవచ్చు, పెళ్లివారు ఇంకొక రోజు ఉండమనవచ్చు. మాత్రలను షీట్ల నుంచి విప్పి అన్నిటినీ ఒకే ప్లాస్టిక్ కవరులో కలిపి పోయడం చాలామందికి అలవాటు. దయచేసి అది మానుకోండి. రంగు చూసి గుర్తుపట్టుకుంటామంటారు. కంపెనీ మారితే రంగూ మారుతుంది. షీటును కత్తిరించవలసి వస్తే పేరు, గడువు తేదీ ఉన్న వైపు మిగిలేలా కత్తిరించండి.

దాంతోపాటు ఒక చీటీ. రోగి పేరు, ఉన్న జబ్బులు, వాడే మందులు, పడని మందులు, రక్తం గ్రూపు, ఇంటివారి ఫోను నంబరు. దీన్ని సంచి పైఅరలో అందరికీ కనిపించేలా పెట్టండి. 2005లో మన రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సు ఎక్కడో రహదారి పక్కన మిమ్మల్ని ఎక్కించుకోవలసి వస్తే, అందులోని సిబ్బంది ముందుగా వెతికేది ఇలాంటి కాగితం కోసమే. సెల్‌ఫోనులో మందుల చీటీ ఫోటో తీసుకోవడం మంచిదే గాని, ఫోను లాక్ అయి ఉంటే ఇతరులకు అది ఉపయోగపడదు.

ఎంత సంచి, ఎంత బరువు?

వీపు సంచుల పరిమాణాన్ని లీటర్లలో చెప్తారు. దుకాణంలో చీటీ మీద 25, 30, 40 అని ఉంటుంది. ఇద్దరు మనుషులకు రెండు రోజులకైనా 30 లీటర్ల సంచి సరిపోతుంది. ఒక్కరికైతే 25 చాలు. 40 లీటర్ల సంచి చూడడానికి బాగుంటుంది, అయితే చోటు కనబడితే దాన్ని నింపకుండా ఉండలేము. ఆడవాళ్లమైన మాకు ఈ సంగతి బాగా తెలుసు.

బరువుకు ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. 2020లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన బడిసంచుల విధానంలో పిల్లల సంచి వాళ్ల శరీర బరువులో పదోవంతు మించరాదని చెప్పినారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు ఇంకొంచెం ఎక్కువే మోయగలరు గాని, బస్టాండ్లలో నిలబడడం, మెట్లెక్కడం, నిద్ర చాలకపోవడం కలుపుకుంటే మనకూ పదోవంతే మేలు. 60 కిలోల మనిషికి 6 కిలోలు. తెలుసుకోవడం సులభం. మా ఓపీలో బరువు తూచే మిషను ఎక్కినట్టే, ఒకసారి సంచి లేకుండా, ఒకసారి సంచి తగిలించుకుని తూచుకోండి. రెండోదాంట్లోంచి మొదటిది తీసివేస్తే సంచి బరువు వస్తుంది.

6 కిలోలు అంటే ఏమి వస్తుంది? ఖాళీ సంచి దాదాపు ఒక కిలో. లీటరు నీళ్లు ఇంకో కిలో. రెండు జతల బట్టలు, తువ్వాలు, పలుచని దుప్పటి కలిపి రెండు రెండున్నర కిలోలు. మందులు, ఫైలు, సబ్బు, దువ్వెన, చార్జరు అన్నీ ఒక కిలో లోపు. మిగిలింది దారిబత్తెం. మన సీమలో దీనికి కొరత లేదు. బొరుగులు, వేయించిన బుడ్డలు బరువు తక్కువ, చెడిపోవు, బస్సులో కడుపు తిప్పదు. పులుసన్నం, పెరుగన్నం గిన్నెలు మాత్రం వేసవిలో మధ్యాహ్నం దాటితే నమ్మలేము. చీరలు చుట్టంగా చుట్టి పెడితే మడత పెట్టినదానికంటే తక్కువ చోటు పడతాయి. పెళ్లికైతే ఒక పట్టుచీర చాలు. ప్రొద్దుటూరు బంగారం సంగతి మేము చెప్పము, అది సంచిలో వేసే వస్తువు కాదు!

సర్దే పద్ధతి కూడా కొంత ఉంది. బరువైనవి వీపుకు ఆనుకుని, నడుముకు పైన, సంచి మధ్యభాగంలో ఉండాలి. బరువు వీపుకు దూరంగా బయటి అరలో ఉంటే సంచి మనిషిని వెనక్కి లాగుతుంది, దాన్ని ఆపడానికి మనం ముందుకు వంగుతాము, నడుము నొప్పి మొదలవుతుంది. నీళ్ల సీసాలు రెండుంటే పక్క అరల్లో ఇటొకటి, అటొకటి పెట్టండి.

ల్యాప్‌టాప్ కోసం వీపు వైపు కుట్టిన అర ఒకటి ఈ సంచులలో ఉంటుంది. మనకు ల్యాప్‌టాప్ లేకపోయినా ఆ అర మన ఫైలుకు కొలిచినట్టు సరిపోతుంది! డిశ్చార్జి సమ్మరీ, రక్తపరీక్షల రిపోర్టులు, ఈసీజీ, స్కానింగు కాగితాలు నలగకుండా అందులో నిలువుగా కూర్చుంటాయి. పెద్ద ఎక్స్‌రే ఫిల్ము మాత్రం పట్టదు. దాన్ని నాలుగు మడతలు పెట్టి తెచ్చేవాళ్లున్నారు. మడత పడిన చోట గీత పడి, అది ఎముక విరిగిన గీతా, మడత గీతా అని డాక్టర్లు తలపట్టుకోవలసి వస్తుంది. వదులుగా గొట్టంలాగా చుట్టి నిలువుగా పెట్టండి, లేదా సీడీ ఇవ్వగలరేమో ముందే అడగండి. 1900లో ఐడా స్కడరమ్మ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వేలూరు ఆసుపత్రికి ఇప్పుడు మన జిల్లా నుంచి పోయేవాళ్లు ఎందరో. అంత దూరం పోయి పాత కాగితాలు లేనందువల్ల చేసిన పరీక్షలే మళ్లీ చేయించుకుంటే డబ్బూ పోతుంది, రోజూ పోతుంది.

"ఈ వయసులో నాకు బడిసంచా?"

వీపు సంచి అనగానే మా వార్డులో ఒక అవ్వ నవ్వింది. "ఏందమ్మా సిస్టరమ్మా, ఈ వయసులో నన్ను మూడో తరగతిలో చేరుస్తావా?" అన్నది. ఆమె వయసులో ఉన్నవాళ్లు గంప నెత్తిన పెట్టుకుని మైళ్లు నడిచినవాళ్లే. నెత్తిమీద మోయడంలో ఒక మంచి ఉంది, బరువు వెన్నెముకకు నేరుగా పడుతుంది, ఇటూ అటూ లాగదు. అందుకే ఆ కాలంలో మూటాముల్లె నెత్తికెక్కేది. మెడ ఎముకలు అరిగినవాళ్లకు ఇప్పుడు అది పనికిరాదు. ఒక్క భుజాన వేలాడే సంచి అన్నిటికంటే చెడ్డది. ఆ భుజం పైకి లేస్తుంది, మెడ పక్కకు వంగుతుంది, కండరాలు గంటల తరబడి బిగుసుకుని ఉంటాయి. షుగరు వ్యాధి ఉన్నవాళ్లకు భుజం బిగుసుకుపోయే జబ్బు మామూలు వాళ్లకంటే ఎక్కువగా వస్తుంది. ఇప్పటికే భుజం నొప్పి ఉన్నవారు ఆ వైపున సంచి తగిలించుకోవద్దు.

వీపు సంచి మేలు రెండు పట్టీలూ రెండు భుజాలకు వేసుకున్నప్పుడే. మన యువకులు ఒక పట్టీ వేసుకుని ఇంకోటి వేలాడదీసి నడవడం సినిమా చూసి నేర్చుకున్నట్టుంది. పట్టీలు మరీ వదులుగా ఉంటే సంచి నడుము కిందికి జారుతుంది, మరీ సన్నగా ఉంటే భుజంలో కోసుకుంటుంది. సైనికులు బరువైన సంచులు ఎక్కువసేపు మోయడం వల్ల భుజం దగ్గరి నరాలు నలిగి చేయి బలహీనపడడం వైద్యగ్రంథాలలో ఉంది. మనం అంత బరువు మోయము, అయినా చేతివేళ్లు తిమ్మిరెక్కితే వెంటనే సంచి దింపి, పట్టీ సరిచేసుకోవాలి.

చీర కట్టుకునేవాళ్లకు ఒక ఇబ్బంది ఉన్న మాట నిజమే. పట్టీ కింద పైట నలుగుతుంది, లాగుతుంది. పైట కుచ్చిళ్లు భుజం మీద పిన్నుతో నిలబెట్టి, ఆ తరువాత పట్టీ వేసుకుంటే కదలదు. పెద్దవాళ్లు సంచిని నేల మీదినుంచి ఎత్తి భుజాన వేసుకోవద్దు. బల్లమీదనో అరుగుమీదనో పెట్టి, దానికి వీపు ఆనించి కూర్చుని, రెండు చేతులూ పట్టీలలో దూర్చి, ఆ తరువాత లేచి నిలబడితే నడుముమీద భారం పడదు. బస్సులో పై అటకమీద పెట్టవలసి వస్తే పక్కన ఉన్న యువకుడిని "నాయనా, కొంచెం ఎత్తి పెట్టు" అని అడగడంలో నామోషీ లేదు.

కొందరు ఏ సంచీ మోయకూడదు. పొట్ట ఆపరేషను, సిజేరియను, గర్భసంచి ఆపరేషను, హెర్నియా ఆపరేషను జరిగినవారు డాక్టరు చెప్పేదాకా, సాధారణంగా ఆరు వారాలు, బరువులెత్తకూడదు. గర్భిణీ స్త్రీలు, ఎముకలు గుల్లబారినవాళ్లు, కొత్తగా గుండెజబ్బు వచ్చినవాళ్లు కూడా అంతే. వాళ్ల సంచి తోడు వచ్చినవారి వీపున ఉండాలి. మందుల డబ్బా, చీటీ మాత్రం రోగికి చేతికందే చోట ఉండాలి.

కొత్తది కొనమని మేము చెప్పడం లేదు. పరీక్షలైపోయాక మూలన పడేసిన పిల్లల బడిసంచి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. జిప్పు బాగుంటే అదే చాలు. కొనేవాళ్లు ప్రొద్దుటూరు బజారులోనైనా, పులివెందులలోనైనా మూడు చూడండి. పట్టీలు రెండు వేళ్లకంటే వెడల్పుగా, మెత్తగా ఉన్నాయా? పట్టీ సంచికి కలిసే చోట కుట్టు రెండు మూడు వరసలు ఉందా? సంచి నోరు సూట్‌కేసులాగా పూర్తిగా తెరుచుకుంటుందా? పైనుంచి మాత్రమే తెరిచే సంచి అయితే అడుగున ఉన్న మాత్ర కోసం బస్సులో అన్నీ బయటికి తీయవలసి వస్తుంది. ధర చూసి మంచిచెడ్డలు నిర్ణయించకండి.

మన ఎండకు తట్టుకోవాలి

మన ప్రాంతంలో నడివేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుందని ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆ ఎండలో నిలిపిన బస్సు డిక్కీ, కారు డిక్కీ, డ్రైవరు పక్కన ఇంజను బానెట్టు ఎంత వేడిగా ఉంటాయో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. పల్లెవెలుగు బస్సులో చోటు లేక ఇంజను మీద పెట్టిన సంచిలో ఇన్సులిన్ ఉంటే అది పాడైపోయే ప్రమాదం ఉంది.

తెరవని ఇన్సులిన్ సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య, అంటే ఫ్రిజ్‌లో ఉండాలి, గడ్డకట్టకూడదు. వాడుకలో ఉన్న సీసాను నీడపట్టున బయట ఉంచి దాదాపు నాలుగు వారాలు వాడవచ్చు. రకాన్నిబట్టి కొంచెం తేడా ఉంటుంది గనుక పెట్టెమీద చూసుకోండి. కెన్యాలోని దదాబ్ శరణార్థి శిబిరం ఎండలను ఆధారం చేసుకుని జెనీవా విశ్వవిద్యాలయం, ఎం.ఎస్.ఎఫ్. అనే అంతర్జాతీయ వైద్యసేవా సంస్థ కలిసి చేసిన పరిశోధన 2021లో వెలువడింది. 25, 37 డిగ్రీల మధ్య మారుతుండే వేడిలో నాలుగు వారాలు ఉంచినా ఇన్సులిన్ శక్తి తగ్గలేదని అందులో తేలింది. కాబట్టి రెండు రోజుల ప్రయాణానికి ఐసు పెట్టె మోయనక్కరలేదు, భయపడనక్కరలేదు. ఐసుగడ్డకు నేరుగా ఆనిస్తే గడ్డకట్టి, ఇక ఆ సీసా పనికిరాదు. సీసాను చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బా చుట్టూ తడిగుడ్డ చుట్టి, సంచి మధ్యలో బట్టల నడుమ కాకుండా గాలి తగిలే పై అరలో పెట్టండి. కుండలో నీళ్లు చల్లబడినట్టే తడిగుడ్డ ఆరేకొద్దీ లోపల చల్లగా ఉంటుంది. గుడ్డ ఆరితే మళ్లీ తడపాలి. ఎండలో మాత్రం సంచి వదిలిపెట్టకండి.

ఇన్సులిన్ తీసుకునేవాళ్ల సంచి పైఅరలో నాలుగు చెంచాల చక్కెరగాని, గ్లూకోజు పొడిగాని ఎప్పుడూ ఉండాలి. బస్సు ఆలస్యమై భోజనం వేళ దాటితే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, మాట తడబడడం మొదలవుతాయి. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, 15 నిముషాలు చూడాలి. తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయరాదు, 108కి ఫోను చేయాలి.

సంఘ యువజనులు, ఆదివారపు బడి పిల్లలు గండికోటకో, కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహలకో పోవడం మామూలే. కోటలో మసీదు, మాధవరాయస్వామి గుడి, పెన్నా లోయ అంచు, ఒక్కొక్కటీ చూడడానికి రాళ్లల్లో నడవాలి, నీడ తక్కువ. గుహల్లో ఎండ లేదు గాని ఉక్క. ఒక్కొక్కరి సంచిలో రెండు లీటర్ల నీళ్లు, టోపీ లేదా తలగుడ్డ, ఓఆర్ఎస్ పొడి రెండు పొట్లాలు ఉండాలి. రెండు లీటర్లంటే రెండు కిలోలు, కాబట్టి ఆ రోజుకు అలంకారాలు తగ్గించుకోవలసిందే.

ఓఆర్ఎస్ గురించి నాలుగు మాటలు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వ్యాపించినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, చక్కెర నీళ్లు తాగించి ఎందరో ప్రాణాలు నిలబెట్టినారు. అరచేతిలో ఇమిడే పొట్లం అది. పెద్ద పొట్లం సరిగ్గా ఒక లీటరు నీళ్లకు. అరలీటరు సీసాలో మొత్తం పొట్లం వేసి "చిక్కగా ఉంటే బలం" అనుకునేవాళ్లున్నారు. అది ప్రమాదం, ముఖ్యంగా చిన్నపిల్లలకు. ఉప్పు ఎక్కువవుతుంది. పొట్లం సగానికి చీల్చి ఉజ్జాయింపుగా వేయడమూ వద్దు. అందుకే లీటరు సీసానే తీసుకుపొమ్మంటాము. కలిపిన నీళ్లు 24 గంటలు దాటితే పారబోయాలి. ఇంకొక సంగతి. దుకాణాల్లో డబ్బాల్లో దొరికే తియ్యని పానీయాలు ఓఆర్ఎస్ పేరుతో అమ్మేవారు. హైదరాబాదుకు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్‌గారు దీనిమీద ఏళ్ల తరబడి పోరాడినారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అలాంటి పానీయాలకు ఆ పేరు వాడరాదని ఆదేశించింది. డబ్లుహెచ్‌ఓ ఫార్ములా అని పొట్లం మీద ఉన్నదే కొనండి.

బస్సులో, రైలులో, విమానంలో

2016 నుంచి నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గంలో జమ్మలమడుగుకు, ప్రొద్దుటూరుకు రైలు వచ్చింది. పులివెందులవారికి ఇంకా బస్సే దిక్కు. ఏది ఎక్కినా, సంచి వీపున ఉండగా సీట్లో కూర్చోవద్దు. అది మిమ్మల్ని ముందుకు నెట్టి నడుమును వంచుతుంది. జనం కిక్కిరిసిన చోట సంచిని ముందుకు తిప్పి రొమ్ముమీద వేసుకుంటే జేబుదొంగల భయమూ ఉండదు, తిరిగినప్పుడల్లా పక్కవాళ్ల ముఖానికి తగలదు.

కాళ్ల సందున సంచులు ఇరికించుకుని రాత్రంతా కదలకుండా కూర్చోవడం ఇంకొక చెడ్డ అలవాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన పరిశోధన ప్రకారం నాలుగు గంటలకు మించి కదలకుండా ప్రయాణం చేస్తే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం దాదాపు రెట్టింపవుతుంది, అది బస్సయినా, రైలయినా, విమానమైనా. ఆరోగ్యవంతులకు ఇది అరుదే. కొత్తగా ఆపరేషను అయినవాళ్లు, బాలింతలు, క్యాన్సరు రోగులు, మరీ లావుగా ఉన్నవాళ్లు జాగ్రత్త పడాలి. సంచి ఒడిలోనో అటకమీదనో ఉంటే కాళ్లు చాపుకోవచ్చు, పాదాలు పైకీ కిందికీ ఆడించవచ్చు. బస్సు ఆగిన చోటల్లా దిగి నాలుగడుగులు వేయండి. ప్రయాణం తరువాత ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిపెడితే, ఆయాసం వస్తే, నూనె రాసి మర్దన చేయకుండా వెంటనే ఆసుపత్రికి రండి.

కడప విమానాశ్రయం 2015లో మొదలైన తరువాత మన వాళ్లలో విమానమెక్కినవాళ్లూ పెరిగినారు. మన దేశంలో ఇండిగో లాంటి సంస్థలు మామూలు టికెట్టుకు 7 కిలోల వరకు ఒక చేతిసంచి లోపలికి అనుమతిస్తాయి. కొలత 55, 35, 25 సెంటీమీటర్లు దాటకూడదు. మనం చెప్పుకున్న 6 కిలోల వీపు సంచి ఇందులో సులభంగా ఇమిడిపోతుంది. ఇన్సులిన్‌ను కింద సామానులో వేయకండి, అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది. సూదులు, ఇన్సులిన్ ఉన్నవాళ్లు డాక్టరు చీటీ వెంట పెట్టుకోవాలి. చార్జింగు పవర్‌బ్యాంకు కూడా చేతిసంచిలోనే ఉండాలన్నది నియమం.

తిరిగి వచ్చాక

రోగిని చూడవచ్చినవాళ్ల మీద మాకొక ఫిర్యాదు ఉంది. సంచిని బస్టాండు నేలమీద, మరుగుదొడ్డి దగ్గర, వార్డు నేలమీద పెడతారు. తరువాత అదే సంచి రోగి పడక మీదికెక్కుతుంది! మా సిస్టర్లు ఎన్నిసార్లు చెప్పినా ఇదే. మంచం పక్కన కొక్కెం ఉంటే తగిలించండి, లేదా కింద పేపరు పరిచి పెట్టండి. ఇంటికి చేరాక సంచిని పూర్తిగా ఖాళీ చేసి, తడి తువ్వాలు వెంటనే తీసి, అన్ని జిప్పులూ తెరిచి ఒక రోజు ఎండలో పెట్టండి. లాడ్జిల్లో పడుకుని వచ్చినవాళ్లు కుట్ల సందుల్లో నల్లులు ఉన్నాయేమో చూసుకోండి. బట్టలు వేడినీళ్లలో నానబెట్టి ఉతకండి.

వాడిన మందుల స్థానంలో కొత్తవి పెట్టి, మందుల డబ్బాను సంచిలోనే ఉంచితే మళ్లీ ప్రయాణం వచ్చినప్పుడు సర్దే పని సగం తగ్గుతుంది. ఇన్సులిన్ మాత్రం ఇంట్లో దాని చోటికి పోవాలి. వాడిన సూదులను బస్సు కిటికీలోంచి పారేయడం, సీటు సందులో గుచ్చడం మేము విన్నాము. ఆ సూది ఊడ్చే మనిషి చేతిలో దిగుతుంది. సంచి పక్క అరలో మూత బిగుతుగా ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టుకుని, సూది వాడగానే అందులో వేయండి. ఆ డబ్బా ముప్పాతిక నిండాక ఇంటి చెత్తలో వేయకుండా, మూత బిగించి మా ఇంజక్షను గదిలో ఇవ్వండి. ఆదివారం తప్ప ఉదయం నుంచి సాయంత్రం వరకు ఎవరో ఒక సిస్టరు అక్కడ ఉంటారు.